మహిళలకు సరిపోయే తొలి రోడ్ సైకిల్: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తొలిసారి రోడ్ సైకిల్ కొనాలనుకునే మహిళలు, వారి ఇంటివారు అడిగే సందేహాలు ఇంచుమించు ఇవే కావడంతో, వాటిని కొనుగోలు దశల వారీగా ఇక్కడ చేర్చాము. ఏ జవాబుకు ఆ జవాబును విడిగా చదువుకోవచ్చు. వీటన్నింటి వెనుక ఉన్న మా అభిప్రాయం ఒక్కటే. ధర, గేర్లు, రంగు, కంపెనీ పేరు చూడటానికి ముందు, సీటు నుంచి హ్యాండిల్ వరకూ ఉన్న దూరం మన ఒంటికి కుదిరిందో లేదో చూసుకోవాలి. ఆ దూరం కుదరని సైకిల్ ఎంత మంచిదైనా కొద్ది వారాల్లోనే గోడకు చేరగిలబడుతుంది.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

రోడ్ సైకిల్‌కూ మామూలు లేడీస్ సైకిల్‌కూ అసలు తేడా ఏమిటి?

లేడీస్ సైకిల్ మీద నిటారుగా కూర్చుంటాము కాబట్టి ఒంటి బరువు దాదాపుగా సీటు మీదే పడుతుంది. రోడ్ సైకిల్ మీద నడుము దగ్గర ముందుకు వంగి కూర్చోవడం వల్ల ఆ బరువు సీటు, పెడళ్లు, హ్యాండిల్ మూడింటి మీదా పడుతుంది. ఎదురుగాలి పట్టు తగ్గుతుంది. తొడల బలం పెడల్ మీదికి బాగా దిగుతుంది. చక్రాలు 700సి అనే పెద్ద కొలతవి, టైర్లు 25 నుంచి 32 మిల్లీమీటర్ల వెడల్పువి, హ్యాండిల్ గొర్రెపొట్టేలు కొమ్ముల్లా ముందుకు వెళ్లి కిందికి తిరిగి ఉంటుంది. లేడీస్ సైకిల్ 18, 20 కిలోల దాకా తూగితే, ప్రారంభ స్థాయి రోడ్ సైకిల్ 10, 11 కిలోల దగ్గర ఉంటుంది. ఒళ్లు మూడు చోట్ల ఆనుతుంది కాబట్టే దీనికి కొలత అంత ముఖ్యం. ఒక్క చోటు అందకపోయినా మిగిలిన రెండు చోట్లా నొప్పి మొదలవుతుంది.

నేను రోజూ తొక్కేది పది పన్నెండు కిలోమీటర్లే. హైబ్రిడ్ సైకిల్ చాలదా?

చాలు. ఆమదాలవలస నుంచి శ్రీకాకుళానికి ఉద్యోగానికి వెళ్లి రావడం, విజయనగరంలో కోట నుంచి మయూరి జంక్షన్ దాకా తిరగడం వంటి పనులకు తిన్నని హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ సైకిలే హాయిగా ఉంటుంది, సంచి తగిలించుకోవడానికీ వీలుగా ఉంటుంది. గంటా రెండు గంటల పాటు ఆగకుండా తొక్కాలని ఉన్నవారికి రోడ్ సైకిల్ అవసరమవుతుంది. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం తీరం దాకా వెళ్లి వచ్చేటప్పుడు సముద్రపు గాలి ఎదురైతే, వంగి తొక్కగలిగే సైకిల్ విలువ బాగా తెలుస్తుంది. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చేయవలసిన బ్రెవె సవారీల మీద మనసున్నవారు మాత్రం మొదటే రోడ్ సైకిల్ కొనుక్కోవడం మంచిది.

నాకు నలభై దగ్గర పడుతున్నాయి. పెళ్లయ్యాక సైకిల్ ముట్టలేదు. నేరుగా రోడ్ సైకిల్ కొనవచ్చా?

కొనవచ్చు. చిన్నప్పుడు వచ్చిన సైకిల్ పోదు. కొత్తగా అలవాటు చేసుకోవలసింది వంపు హ్యాండిల్ ఒక్కటే, దానికి తెల్లవారుజామున ఖాళీగా ఉండే కాలేజీ మైదానంలో కొన్ని ఉదయాలు చాలు. ఎంచుకునేటప్పుడు మాత్రం పందెం సైకిల్ వద్దు. హ్యాండిల్ కాస్త ఎత్తుగా, దగ్గరగా ఉండే ‘ఎండ్యూరెన్స్’ రకం ఫ్రేము అడగండి. నడుము డిస్కు సమస్య, గర్భసంచి జారడం, ఇటీవలి కాన్పు లేదా ఆపరేషన్ ఉన్నవారు ముందుగా వైద్యురాలిని అడిగి ఆ తర్వాతే దుకాణానికి వెళ్లాలి.

‘ఉమెన్స్’ అని రాసి ఉన్న సైకిలే కొనాలా?

అక్కరలేదు. ఆడవారి కొలతలకు రోడ్ సైకిళ్లు చేయడం అమెరికాలో జార్జీనా టెర్రీ అనే మెకానికల్ ఇంజనీరు 1985లో పెట్టిన కంపెనీతో ఊపందుకుంది. పొట్టివారికి ఫ్రేమును పొట్టిగా చేయడానికి చోటు చాలేలా ఆవిడ ముందు చక్రాన్నే చిన్నది చేశారు. ఇప్పుడు జెయింట్ కంపెనీ ‘లివ్’ అన్న పేరుతో మహిళలకు విడిగా ఫ్రేములు చేస్తోంది. మరికొన్ని పెద్ద కంపెనీలు అందరికీ ఒకే ఫ్రేము చేసి, చిన్న సైజుల్లో సీటు, హ్యాండిల్, స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే ముక్క) మాత్రం మారుస్తున్నాయి. రెండు పద్ధతుల్లోనూ మంచి సైకిళ్లు ఉన్నాయి. ఆడవారందరి ఒళ్లూ ఒకే కొలతలో ఉండవు కాబట్టి అతికించిన పేరు కన్నా ఫ్రేము కొలతల పట్టికనే నమ్మండి. గులాబీ రంగు వేసినంత మాత్రాన పొడవైన ఫ్రేము పొట్టిది కాదు.

మా అన్నయ్య రోడ్ సైకిల్ ఇంట్లో ఖాళీగానే ఉంది. సీటు దించుకుని తొక్కితే సరిపోదా?

సరిపోదు. ‘సీటు దించేస్తే సరిపోద్ది మేడమ్’ అన్న మాట దుకాణాల్లోనూ తరచుగా వినిపిస్తుంది కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి. సీటు దించితే పెడల్ అందుతుంది గాని హ్యాండిల్ దగ్గరకు రాదు. 5 అడుగుల 9 అంగుళాల మగవారికి సాధారణంగా 54 సెంటీమీటర్ల ఫ్రేము (సీటు కింది నిలువు గొట్టం పొడవును బట్టి చెప్పే సైజు) కొంటారు, దాని పై కడ్డీ పొడవు కూడా అటూ ఇటూగా అంతే ఉంటుంది. 5 అడుగుల 2 అంగుళాల మహిళకు కావలసిన పొడవు 50, 51 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఆ మూడు నాలుగు సెంటీమీటర్లు చూపుకు చిన్నవే అయినా, వాటిని అందుకోవడానికి సవారీ పొడుగునా సీటు కొసకు జరిగి, మోచేతులు తిన్నగా బిగబట్టి, మెడ పైకెత్తి కూర్చోవలసి వస్తుంది. గంట గడిచేసరికి అరచేతుల్లో తిమ్మిరి, భుజాల మధ్య మంట మొదలవుతాయి. చాలామంది ‘నాకు అలవాటు లేక’ అని తమనే తప్పుపట్టుకుంటారు. తప్పు వారిది కాదు, ఆ సైకిల్ వారి కొలతది కాదు.

సీటును పట్టాల మీద ముందుకు జరిపి దూరం తగ్గించుకోవడం కూడా పొరపాటే. సీటు ముందు వెనుకలు మోకాలికి, పెడల్‌కూ ఉన్న లెక్కను బట్టి పెట్టుకోవాలి. హ్యాండిల్ కోసం దాన్ని కదిపితే నొప్పి చేతుల నుంచి మోకాళ్లకు మారుతుంది.

## డబ్బు, భాగాలు

మొదటి సైకిల్‌కు ఎంత పెట్టుకోవాలి?

సుమారుగా 30 వేల నుంచి 60 వేల రూపాయల మధ్య నమ్మదగిన ప్రారంభ స్థాయి రోడ్ సైకిల్ దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో ఆ శాతాన్ని చూసుకోండి. ఉన్న డబ్బంతా సైకిల్‌కే పెట్టేయకుండా ఏడెనిమిది వేలు పక్కన ఉంచుకోవాలి. హెల్మెట్, ముందు వెనుక లైట్లు, పంపు, రెండు ట్యూబులు, మెత్త కుట్టిన నిక్కరు వెంటనే కావాలి. సీటు గాని స్టెమ్ గాని మార్చవలసి వస్తే ఆ ఖర్చు కూడా ఇందులోంచే పోతుంది. 50 వేల సైకిల్‌ను ఉన్నదున్నట్టుగా తొక్కడం కన్నా 40 వేల సైకిల్‌కు తగిన సీటు, తగిన స్టెమ్ వేయించుకుని తొక్కడం మేలని మా గట్టి అభిప్రాయం.

క్లారిస్, సోరా, టియాగ్రా అంటున్నారు. ఏది తీసుకోవాలి?

ఇవి షిమానో కంపెనీ గేర్ల తరగతులు. వెనుక ఉండే పళ్ల చక్రాలు క్లారిస్‌లో 8, సోరాలో 9, టియాగ్రాలో 10 ఉంటాయి. తొలి సైకిల్‌కు క్లారిస్ పూర్తిగా సరిపోతుంది, గట్టిది, చైను కూడా చవక.

మాకు ఘాట్ రోడ్డు ఎక్కాలని ఉంది. ఏ గేర్లు అడగాలి?

శృంగవరపుకోట దాటి అనంతగిరి వైపు ఎక్కాలన్నా, సాలూరు పైన ఘాట్ ఎక్కాలన్నా తేలిక గేరు తప్పనిసరి. ముందు వైపు 50 పళ్లది, 34 పళ్లది రెండు చక్రాల జత ఉండాలి, వెనుక అన్నిటికన్నా పెద్ద చక్రానికి 32 లేదా 34 పళ్లు ఉండాలి. ముందు 34, వెనుక 34 అయితే పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు సైకిల్ సుమారు 2.1 మీటర్లు కదులుతుంది. వెనుక 28 మాత్రమే ఉంటే అదే చుట్టుకు 2.6 మీటర్లు లాగవలసి వస్తుంది. ఎక్కడంలో ఆ అర మీటరు బరువు మోకాళ్ల మీద పడుతుంది. ‘ఎన్ని గేర్లు’ అని కాక ‘పెద్ద చక్రానికి ఎన్ని పళ్లు’ అని అడగండి.

కార్బన్ ఫ్రేము కొనమంటున్నారు. అవసరమా?

తొలి సైకిల్‌కు అవసరం లేదు. అల్యూమినియం ఫ్రేము, వీలైతే కార్బన్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే రెండు కాళ్ల భాగం) చాలు.

డిస్క్ బ్రేకా, రిమ్ బ్రేకా?

వానల్లో కూడా తొక్కేవారికి, చక్రం నడుమ ఉన్న పళ్లెం మీద పట్టే డిస్క్ బ్రేకు నమ్మకం. తడిసిన రిమ్ము, అంటే చక్రపు అంచు మీద రబ్బరు పట్టడానికి ఒక క్షణం ఆలస్యమవుతుంది. అయితే రిమ్ బ్రేకు తేలిక, ఏ ఊరి మెకానిక్ అయినా సరిచేయగలడు. ఏది తీసుకున్నా లివరు మీ వేళ్లకు అందుతోందా అన్నదే ముందు చూడవలసింది.

## కొలతలు తీసుకునేటప్పుడు

ఎత్తు చెబితే సైజు చెప్పలేరా?

ఎత్తును బట్టి సుమారుగా చెప్పవచ్చు. 5 అడుగులవారికి 44 నుంచి 48, 5 అడుగుల 2 అంగుళాలకు 47 నుంచి 50, 5 అడుగుల 4 అంగుళాలకు 50 నుంచి 52 సెంటీమీటర్ల ఫ్రేములు చూడటం మొదలుపెట్టవచ్చు. ఒకే ఎత్తున్న ఇద్దరు అక్కచెల్లెళ్లలో ఒకరికి కాళ్లు పొడవు, మరొకరికి నడుము పై భాగం పొడవు కావడం సహజం. కాళ్లు పొడవైనవారు ఎత్తును బట్టి సైజు తీసుకుంటే హ్యాండిల్ దూరమవుతుంది. పైగా ఒక కంపెనీ ‘ఎస్’ మరో కంపెనీ ‘ఎక్స్ఎస్’తో సమానం కావచ్చు. ఎత్తు, కాలి లోపలి కొలత, భుజాల వెడల్పు మూడూ రాసుకుని వెళ్లాలి.

కాలి లోపలి కొలత ఇంట్లో ఎలా తీసుకోవాలి?

చెప్పులు విప్పి, పొట్టి నిక్కరు గాని బిగుతు లెగ్గింగ్ గాని వేసుకుని, వీపు గోడకు ఆనించి నిలబడండి. పాదాల మధ్య జానెడు దూరం ఉంచండి. పిల్లల అట్లాసు లాంటి గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య నిలువుగా, దాని ఒక అంచు గోడకు తాకేలా పెట్టి, సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తిడి తగులుతుందో అంత ఒత్తిడి వచ్చేదాకా పైకి నొక్కి పట్టండి. మరొకరు పుస్తకం పై అంచు గోడను తాకిన చోట పెన్సిలుతో గీత గీయాలి. నేల నుంచి ఆ గీత దాకా సెంటీమీటర్లలో కొలిచి, ఇదే పని మూడుసార్లు చేసి సగటు తీసుకోండి. మొహమాటపడి పుస్తకాన్ని సరిగా నొక్కకపోతే కొలత రెండు సెంటీమీటర్లు తగ్గిపోతుంది. అందుకే దీన్ని దుకాణంలో కాక ఇంట్లో అమ్మతోనో వదినతోనో తీయించుకోవడం మంచిది.

వచ్చిన అంకెను 0.66తో గుణిస్తే పై కడ్డీ నేలకు సమాంతరంగా ఉండే పాత పద్ధతి ఫ్రేము సైజు, 0.883తో గుణిస్తే పెడల్ ఇరుసు (రెండు పెడళ్ల కడ్డీలూ తిరిగే మధ్య ఇరుసు) నుంచి సీటు పై భాగం వరకు ఉండవలసిన ఎత్తు సుమారుగా వస్తాయి. ఉదాహరణకు కొలత 72 సెంటీమీటర్లయితే ఫ్రేము సుమారు 47.5, సీటు ఎత్తు సుమారు 63.6 సెంటీమీటర్లు. ఇవి తుది అంకెలు కావు, మొదలుపెట్టడానికి పనికివచ్చే అంకెలు.

రీచ్, స్టాక్ అని పట్టికలో ఉన్నాయి. అవేమిటి?

పెడల్ ఇరుసు మధ్య నుంచి నిటారుగా ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. ఆ గీత నుంచి ఫ్రేము ముందు గొట్టం పై అంచు ఎంత ముందుకు ఉందో అది రీచ్, ఇరుసు నుంచి ఎంత ఎత్తున ఉందో అది స్టాక్. సైజు పేర్లు కంపెనీకొక తీరుగా ఉన్నా ఈ రెండు అంకెలు అన్ని కంపెనీలకూ ఒకే అర్థంలో ఉంటాయి. రెండు సైకిళ్లను పోల్చేటప్పుడు రీచ్ తక్కువగా, స్టాక్ ఎక్కువగా ఉన్నది ఎక్కువ నిటారుగా కూర్చోబెడుతుంది. పొట్టివారు 360, 370 మిల్లీమీటర్ల దగ్గర రీచ్ ఉన్న ఫ్రేములతో వెతకడం మొదలుపెట్టవచ్చు.

నా ఎత్తు అయిదడుగులే. నాకసలు రోడ్ సైకిల్ దొరుకుతుందా?

దొరుకుతుంది, కాకపోతే ఓపిక కావాలి. దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే మధ్య సైజులే నిల్వ ఉంటాయి, అతి చిన్న సైజును చెప్పి తెప్పించుకోవలసి వస్తుంది. తెప్పించడానికి వారం పది రోజులు పడుతుందన్నారని చేతికందిన పెద్ద సైజుకు ఒప్పుకోకండి. చిన్న ఫ్రేముకు క్రాంకు (పెడల్‌ను ఇరుసుకు కలిపే కడ్డీ) 170 మిల్లీమీటర్లకు బదులు 165 ఉందేమో అడగండి. పొట్టి కాళ్లకు పొడవు క్రాంకు వేస్తే పెడల్ పైకొచ్చినప్పుడల్లా మోకాలు పొట్టకు తగిలేటంత మడవాల్సి వస్తుంది. కొన్ని కంపెనీలు అతి చిన్న సైజులకు 650బి అనే చిన్న చక్రాలు వేస్తాయి, అవి దొరికితే తప్పకుండా తొక్కి చూడండి.

మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఎదుగుతుంది కదా, ఒక సైజు పెద్దది కొంటే?

బట్టలు కొన్నట్టు సైకిల్ కొనకూడదు. ఆ వయసుకు చాలామంది ఆడపిల్లల ఎదుగుదల దాదాపు పూర్తయిపోతుంది, కాబట్టి పెద్ద సైకిల్ పెద్దగానే ఉండిపోతుంది. ‘బడికొస్తా’ పథకంలో ప్రభుత్వమిచ్చిన సైకిళ్లతో మన ఆడపిల్లలు పొరుగూరి బడికి పోవడం అలవాటు చేసుకున్నారు. వారిలో ఒకరు ఇష్టపడి రోడ్ సైకిల్ అడిగినప్పుడు, బ్రేకు అందని సైకిల్ ఇచ్చి భయపెట్టవద్దు. ఇప్పటి కొలతకు సరిపోయేది కొని, ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగితే సీటు పెంచి, పొడవైన స్టెమ్ వేయిస్తే చాలు.

రెండు సైజుల మధ్య పడ్డాను. ఏది తీసుకోవాలి?

చిన్నది. చిన్న ఫ్రేమును కొంత సాగదీసుకోవచ్చు, పెద్దదాన్ని కుదించడానికి మార్గాలు తక్కువ. నడుము పై భాగం, చేతులు బాగా పొడవైనవారు మాత్రం రెండూ తొక్కి చూసి తేల్చుకోవాలి.

## దుకాణంలో

దీని కోసం విశాఖ దాకా వెళ్లాలా? ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే?

ఒక్కసారి వెళ్లి రావడమే మంచిది. విజయనగరం నుంచి విశాఖ సుమారు 60 కిలోమీటర్లు, ఒక పూట పని. అక్కడ ఒకే రోజున రెండు మూడు కంపెనీల సైకిళ్ల మీద కూర్చుని చూడవచ్చు. ఆన్‌లైన్‌లో వచ్చే సైకిల్ అట్టపెట్టెలో సగం విప్పి ఉంటుంది, హ్యాండిల్, ముందు చక్రం, పెడళ్లు, సీటు మనమే బిగించుకోవాలి. సైజు కుదరకపోతే అంత పెట్టెను తిరిగి పంపడం పెద్ద తలనొప్పి. ఇదివరకే అదే మోడల్, అదే సైజు తొక్కి చూసినవారు మాత్రం నిశ్చింతగా తెప్పించుకోవచ్చు.

కూర్చుంటే రెండు పాదాలూ నేలకు అందడం లేదు. సైకిల్ పెద్దదైనట్టా?

కాదు. రోడ్ సైకిల్ సీటు మీద కూర్చున్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా అందకూడదు, అందితే సీటు మరీ కిందికి ఉన్నట్టు. ఆగేటప్పుడు సీటు మీద నుంచి ముందుకు దిగి, పై కడ్డీకి రెండు పక్కలా కాళ్లు పెట్టి నిలబడాలి. అలా నిలబడినప్పుడు కడ్డీకీ ఒంటికీ మధ్య రెండున్నర నుంచి అయిదు సెంటీమీటర్ల ఖాళీ ఉందా అన్నది చూడండి. ఆ ఖాళీ లేకపోతేనే ఫ్రేము పెద్దదైనట్టు. ఎక్కేటప్పుడు సైకిల్‌ను మన వైపు కాస్త వాల్చి, కాలును వెనుక చక్రం మీదుగా తిప్పి వేస్తే లేడీస్ సైకిల్ అలవాటున్నవారికీ సులువవుతుంది.

తొక్కి చూసేటప్పుడు ఏమేమి గమనించాలి?

ముందుగా సీటు ఎత్తు మీ కొలతకు పెట్టించండి, అది పెట్టకుండా తొక్కి చూసిన పరీక్ష పరీక్షే కాదు. తర్వాత కనీసం పావుగంట తొక్కండి. చేతులు బ్రేకు లివర్ల పైభాగం మీద ఉంచినప్పుడు మోచేతులు కొద్దిగా మడిచి ఉండాలి, భుజాలు చెవుల వైపు లేవకూడదు. తొక్కుతూ ఒక్క క్షణం రెండు అరచేతులనూ హ్యాండిల్ మీద నుంచి కొద్దిగా తేల్చి చూడండి. ఒళ్లు ముందుకు పడిపోతున్నట్టయితే హ్యాండిల్ దూరంగానో మరీ కిందికో ఉందన్నమాట. మీకు తెలియకుండానే సీటు కొసకు జరిగిపోతున్నారా అన్నది వెంట వచ్చినవారిని చూడమనండి. పక్క నుంచి ఫోనులో వీడియో తీయించుకుంటే ఇంకా మంచిది.

బ్రేకు లివరు వేళ్లకు అందడం లేదు. చేతులు చిన్నవని వదిలేయాలా?

వదిలేయకూడదు, ఇది భద్రతకు సంబంధించిన విషయం. చాలా లివర్లకు లోపల ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పితే లివరు హ్యాండిల్‌కు దగ్గరవుతుంది, ఆపైన కేబులును మళ్లీ సరిచేయాలి. కింది వంపులో చేతులు పెట్టినప్పుడు చూపుడువేలు, మధ్యవేలు లివరును చుట్టి పట్టుకోగలగాలి. ఈ పని డబ్బు కట్టకముందే దుకాణంలో చేయించండి.

హ్యాండిల్ వెడల్పు ఎంత ఉండాలి?

రెండు భుజాల పైన చేతికి తగిలే ఎముకల కొసల మధ్య దూరమెంతో ఇంచుమించు అంతే ఉండాలి. మహిళల్లో చాలామందికి 36, 38 సెంటీమీటర్లు సరిపోతాయి, కాని చిన్న ఫ్రేములకూ 40, 42 వేసి అమ్మడం మామూలు. వెడల్పు ఎక్కువైతే మెడ దగ్గర కండరాలు పట్టేస్తాయి.

హ్యాండిల్ కాస్త దూరంగా ఉంది, మిగతావన్నీ బాగున్నాయి. ఏదైనా చేయవచ్చా?

హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే స్టెమ్‌ను మార్చవచ్చు. 90 మిల్లీమీటర్ల స్టెమ్ తీసి 70ది వేస్తే హ్యాండిల్ రెండు సెంటీమీటర్లు దగ్గరకు వస్తుంది. చాలా స్టెమ్‌లను తిరగేసి బిగిస్తే హ్యాండిల్ కొద్దిగా పైకి కూడా లేస్తుంది. కొత్త సైకిల్ అమ్మేటప్పుడు కొన్ని దుకాణాలు దీన్ని ఉచితంగా మార్చి ఇస్తాయి, తప్పక అడగండి. 60 మిల్లీమీటర్ల కన్నా పొట్టి స్టెమ్ వేస్తే తప్ప అందని పరిస్థితి వస్తే ఆ ఫ్రేమే మీది కాదు.

మలుపు తిప్పుతుంటే ముందు చక్రం బూటు కొసకు తగులుతోంది. లోపమా?

చిన్న ఫ్రేములో పెద్ద చక్రం ఇమిడించడం వల్ల ఇలా జరుగుతుంది. వేగంగా పోయేటప్పుడు హ్యాండిల్ అంతగా తిరగదు కాబట్టి ప్రమాదం లేదు. సందుల్లో నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం మలుపుకు బయటి వైపు పాదాన్ని వెనక్కి ఉంచుకోవాలి.

పాత సైకిల్ కొంటే ఏమేమి చూడాలి?

సైజు కుదిరితేనే మిగతావి చూడండి. ఫ్రేము గొట్టాలు కలిసే అతుకుల దగ్గర సన్నని పగుళ్లు, రంగు ఉబ్బులు ఉన్నాయేమో వెలుతురులో వెతకండి. చైనులో 24 లింకుల పొడవు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి, ఎనిమిదో వంతు పెరిగితే వెనుక పళ్ల చక్రాలూ అరిగినట్టే, ఆ మేరకు ధర తగ్గించమని అడగాలి.

## ఇంటికి తెచ్చుకున్నాక

సీటు మీద కూర్చోలేకపోతున్నాను. అందరికీ ఇంతేనా?

దీన్ని చెప్పుకోవడానికి సిగ్గుపడి సైకిలే మానేసినవారు ఉన్నారు, కాబట్టి సూటిగా చెబుతాము. కూర్చునే రెండు ఎముకల కింద మొదటి రెండు మూడు వారాలు నొప్పి రావడం సహజం, అది తగ్గుతుంది. ముందు భాగంలో మెత్తని చోట ఒత్తిడి, తిమ్మిరి, ఒరుపు, వాపు సహజం కాదు, వాటిని ఓర్చుకోకూడదు. అవి సీటు వెడల్పో, వాలో, హ్యాండిల్ దూరమో కుదరలేదని చెప్పే గుర్తులు.

కిరాణా సరుకు వచ్చే అట్టపెట్టె ముక్కను గట్టి బల్ల మీద వేసి, దాని మీద కూర్చుని, పాదాలు కొద్దిగా ఎత్తి ముందుకు వంగండి. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి మధ్య బిందువుల దూరానికి రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే మీకు కావలసిన సీటు వెడల్పు వస్తుంది. ఆ దూరం 12 సెంటీమీటర్లయితే 143 లేదా 155 మిల్లీమీటర్ల సీటు చూడాలి. సగటున ఆడవారికి ఈ ఎముకల మధ్య దూరం ఎక్కువ, కాబట్టి సైకిల్‌తో వచ్చిన సన్నని సీటు చాలామందికి పనికిరాదు. మధ్యలో కోత లేదా గాడి ఉన్న సీటు మెత్తని భాగం మీద ఒత్తిడిని తగ్గిస్తుంది. లావాటి జెల్ కవరు తొడిగితే బాగుంటుందనుకోవడం సహజమే గాని, ఎముకలు ఆ మెత్తలోకి దిగిపోయి మధ్య భాగం పైకి ఉబ్బి అక్కడే ఒరుసుకుంటుంది.

సీటును మొదట సమతలంగా పెట్టి, అవసరమైతే ముక్కును ఒకటి రెండు డిగ్రీలు దించి చూడండి. మెత్త కుట్టిన నిక్కరు లోపల వేరే లోదుస్తు వేసుకోకూడదు; మన ఉక్కపోతలో దాని కుట్లే ఒరుసుకుని పుండ్లు పడతాయి. సవారీ అయిన వెంటనే నిక్కరు మార్చుకుని ఉతుక్కోవాలి.

మోకాలు నొప్పి వస్తోంది. సైకిల్ మానేయాలా?

ముందు సీటు ఎత్తు చూడండి. నొప్పి మోకాలి ముందు వైపు ఉంటే సీటు కిందికి ఉండటం, వెనుక వైపు ఉంటే పైకి ఉండటం తరచుగా కారణమవుతాయి. పెడల్ కిందికి చేరినప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీల వంపులో ఉండాలి. ఒకేసారి అయిదు మిల్లీమీటర్లకు మించి మార్చకుండా, రెండు మూడు సవారీలు చూసి మళ్లీ సరిచేసుకోండి. సీటు గొట్టం మీద గీసి ఉన్న హద్దు గీత బయటికి కనిపించేలా ఎప్పుడూ లేపకూడదు. సీటు సరిచేసినా నొప్పి తగ్గకపోతే వైద్యుల దగ్గరకు వెళ్లండి.

చుడీదార్‌తో తొక్కవచ్చా?

వదులు ప్యాంటు అంచు, చున్నీ కొస చైనులోకో చువ్వల్లోకో పోతే పడిపోతారు. నిక్కరు మీద లెగ్గింగ్, మోకాళ్ల దాకా ఉన్న కుర్తా వేసుకుంటే ఒంటికీ సౌకర్యం, నలుగురిలోకీ ఇబ్బంది లేదు. చున్నీ ఇంట్లో వదిలేయడమే క్షేమం.

మా వీధి పంచరు షాపులో ఈ ట్యూబుకు గాలి పట్టడం లేదేమిటి?

రోడ్ సైకిల్ ట్యూబులకు సాధారణంగా సన్నని, పొడవాటి ప్రెస్టా వాల్వు ఉంటుంది. చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి కొని సీటు సంచిలో వేసుకుంటే ఏ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. ముందుగా వాల్వు కొసన ఉన్న చిన్న మరను వదులు చేయాలి. 55 కిలోల బరువున్నవారికి 28 మిల్లీమీటర్ల టైర్లలో 60 నుంచి 70 పి.ఎస్.ఐ. గాలి చాలు, వెనుక చక్రానికి కాస్త ఎక్కువ. టైరు రాయిలా బిగిసేదాకా కొట్టిస్తే గతుకు గతుకూ నడుముకు తగులుతుంది.

మన రోడ్ల మీద సన్నని టైర్లతో భయం లేదా?

28 గాని 32 గాని మిల్లీమీటర్ల టైర్లు పట్టే ఫ్రేము కొంటే భయం చాలా తగ్గుతుంది. సంక్రాంతి ముందు వెనుకల పల్లె రోడ్ల మీద నూర్పిళ్లు, ధాన్యం ఆరబోతలు ఉంటాయి. తొక్కుడు పడిన వరిగడ్డి మీద టైరు జారుతుంది, కాబట్టి దాని మీద బ్రేకు నొక్కకుండా, మలుపు తిప్పకుండా, ముందే నెమ్మదించి తిన్నగా దాటాలి. గింజల కన్నా ప్రమాదం వాటి చుట్టూ పేర్చిన రాళ్లది. ధాన్యం ఎత్తేశాక కూడా రోడ్డు మధ్య ఒకటి రెండు రాళ్లు మిగిలిపోతాయి, తెల్లవారుజామున అవి దగ్గరకొచ్చేదాకా కనిపించవు. ముందు లైటు నేల మీద పడేలా వంచి పెట్టుకోండి. జాతీయ రహదారి మీద సర్వీసు రోడ్డు ఉన్నంత మేరా దాన్నే వాడండి.

సముద్రం దగ్గర తొక్కితే తుప్పు పడుతుందా?

పడుతుంది. కళింగపట్నం, భోగాపురం తీరాల వైపు వెళ్లి వచ్చిన రోజున తడిగుడ్డతో ఫ్రేము, మరలు తుడిచి, ఆరాక చైనుకు నూనె వేసి, పైన మిగిలిన నూనెను పొడిగుడ్డతో తుడిచేయాలి. సీటు గొట్టాన్ని రెండు మూడు నెలలకోసారి బయటికి తీసి గ్రీజు రాయకపోతే అది ఫ్రేములోనే పట్టేస్తుంది, ఆ తర్వాత సీటు ఎత్తు మార్చుకోవడానికే వీలుండదు. తీసే ముందు గొట్టం చుట్టూ ఒక చుట్టు టేపు అంటిస్తే, మళ్లీ అదే ఎత్తుకు దించుకోవచ్చు.